అరువు పేర్లు

అమెరికా చిన్న లీగుల హాకీలో నాకు గిట్టనిది పెద్ద టీము పేరును యథాతథంగా తగిలించుకోవడం. పిట్స్‌బర్గ్‌లో పెంగ్విన్స్ ఉంటే విల్క్స్‌బారీ-స్క్రాంటన్‌లోనూ పెంగ్విన్సే! అన్న విడిచిన చొక్కా తమ్ముడికి తొడిగినట్టు. అదే టొలీడో ఊరిని చూడండి. వసంతం రాగానే ఈరీ సరస్సు నుంచి అక్కడి మామీ నదికి ఎదురీది గుడ్లు పెట్టే చేప వాలై. 2009లో బరిలోకి దిగిన అక్కడి టీముకి ఆ పేరే పెట్టుకున్నారు. చాక్లెట్ ఊరు హెర్షీలో బేర్స్ జెర్సీదీ చాక్లెట్ రంగే. ఇక కనెటికట్‌లోని డాన్‌బరీ వాళ్లది మరీ తెగింపు: యజమానిది చెత్త ఎత్తే వ్యాపారం, అందుకే టీము పేరు ట్రాషర్స్, ఆటగాడి ఛాతీ మీద హాకీ కర్ర పట్టిన చెత్తడబ్బా. ఆయన జైలుకెళ్లాడు, టీము రెండు సీజన్లకే మూతపడింది. అయినా ఆ చెత్తడబ్బా జెర్సీలకు ఇప్పటికీ గిరాకీ ఉంది, ఉండదా మరి!