వద్దనగలిగితేనే ఎంపిక

పత్రికల బిజినెస్ పేజీల్లో, టీవీ చర్చల్లో, ఆఖరికి టీ కొట్టు దగ్గర కూడా ఒక మాట సిద్ధాంతంలా చెలామణి అవుతోంది. టీవీ, మొబైల్ రంగాల్లో మన దేశంలో వినియోగదారుడే రాజట. ప్రపంచంలో చవకైన డేటా మనదగ్గరే, వందల చానళ్లు, లెక్కలేనన్ని ప్యాకులు. నచ్చిన చానల్ కొనుక్కో, నచ్చని కంపెనీకి దండం పెట్టి పోర్ట్ పెట్టుకో. ఇన్ని దారులున్నా బిల్లు ఎక్కువ కడుతున్నావంటే తప్పు నీదే, ప్యాక్ సరిగ్గా చదువుకోలేదు. ఈ ఆఖరి ముక్క చెప్పేటప్పుడు చెప్పేవారి మొహంలో చిన్న చిరునవ్వు కూడా ఉంటుంది.

ఇందులో నిజం లేకపోలేదు. 2014లో ఒక జీబీ డేటాకు సగటున 269 రూపాయలు పడేది. ఇప్పుడది పది రూపాయలకు అటూ ఇటూ. 2016 సెప్టెంబర్ 5న జియో రంగంలోకి దిగాక రేట్లు కుప్పకూలాయి. కరీంనగర్ జిల్లా ఇల్లాలు దుబాయ్‌లో ఉన్న మొగుడితో రోజూ వీడియో కాల్ మాట్లాడుతోందంటే ఆ చవకదనం చలవే. దాన్ని కాదనేవాడు కళ్లు మూసుకున్నవాడు. కానీ చవక వేరు, ఎంపిక వేరు. మొదటిదాన్ని చూపించి రెండోది కూడా ఇచ్చేశామని నమ్మించడమే ఇక్కడ జరుగుతున్న కనికట్టు.

ఎంపిక ఉందో లేదో తేల్చాలంటే పట్టికలో ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టి లాభం లేదు. రెండు ప్రశ్నలు వేయాలి. అక్కర్లేనిదాన్ని వద్దని చెప్పి, దాని డబ్బు మిగుల్చుకోగలమా? కంపెనీ నచ్చకపోతే చేతిచమురు వదలకుండా బయటపడగలమా? ఈ రెండింటికీ ఔనని జవాబు రానప్పుడు వంద ప్యాకులున్నా వెయ్యి ఉన్నా ఒకటే.

ముందు టీవీ సంగతి. చూసే చానల్‌కే డబ్బు కట్టే పద్ధతి తెస్తామని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లో కొత్త టారిఫ్ నిబంధనలు రాసింది. అవి 2019 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఉద్దేశం మంచిదే. ప్రతి చానల్‌కూ విడి ధర ప్రకటించాలన్నారు. బొకేలో, అంటే చానళ్లను కలిపి అమ్మే మూటలో, పెట్టాలనుకున్న చానల్ ధర 19 రూపాయలు దాటకూడదన్నారు. ఏం జరిగింది? ఆ గరిష్ఠ పరిమితే ధర అయి కూర్చుంది. అంతకుముందు బొకేల్లో కలిసి నామమాత్రపు రేటుకు వచ్చిన పెద్ద వినోద చానళ్లు చాలావరకు సరిగ్గా 19 రూపాయల చీటీ తగిలించుకుని నిలబడ్డాయి.

లెక్క వేసి చూడండి. 19 రూపాయల చానళ్లు నాలుగే చాలనుకుంది ఒక ఇల్లు. వాటి ఖరీదు 76. చానళ్లను ఇంటిదాకా చేరవేసినందుకు నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు పేరుతో అప్పటి నిబంధన ప్రకారం 130. వంద చానళ్లకు సరిపడా ఆ ఫీజు నాలుగు చూసినా కట్టాల్సిందే. మొత్తం 206, దాని మీద 18 శాతం జీఎస్టీ. చేతికొచ్చే బిల్లు 243. డెబ్బై ఆరు రూపాయల సరుకు కోసం రెండు వందల నలభై మూడు కట్టాక ఏరి కోరి ఎంచుకున్నానన్న తృప్తి ఎవరికి మిగులుతుంది?

పైగా విడిగా కొన్నవాడికి వాత, గుత్తగా కొన్నవాడికి రాయితీ. బొకేల మీద చానళ్ల సంస్థలు 70 శాతం దాకా తగ్గింపు ఇస్తున్నాయని ట్రాయే తేల్చింది. రెండు చానళ్లు విడిగా కొనే డబ్బుకు పది చానళ్ల మూట వస్తుంటే ఎవరైనా మూటే ఎత్తుకుంటారు. ఇంట్లో చంటిపిల్లలు లేకపోయినా కార్టూన్ చానల్ వస్తుంది, ఎవరూ చూడని మ్యూజిక్ చానల్ వస్తుంది, వేసిన సినిమానే వేసే సినిమా చానల్ ఇంకొకటి వస్తుంది. ఈ రాయితీకి 15 శాతం హద్దు పెట్టబోతే మద్రాసు హైకోర్టులో నిలవలేదు. 2020లో మూడో వంతుకు కుదించబోతే చానళ్ల సంస్థలు బొంబాయి హైకోర్టు మెట్లెక్కాయి. చివరికి 2022 నవంబరులో 45 శాతం దగ్గర సర్దుకున్నారు. 2024 జులైలో ఆ 130 రూపాయల ఫీజుకున్న పరిమితినీ ఎత్తేశారు. ఎంపిక ప్రేక్షకుడిదన్న నిబంధన పుట్టిన దగ్గర్నుంచీ కోర్టుల చుట్టూ తిరిగింది, ప్రేక్షకుడు బిల్లు కడుతూనే ఉన్నాడు.

ఇక వదిలేసి వెళ్లడం. డిష్ కంపెనీ నచ్చలేదు, ఇంకో కంపెనీకి మారదాం అనుకోండి. పాత బాక్స్ పనికిరాదు. ఒక్కో కంపెనీ ప్రసారాలకు ఒక్కో తాళం, ఆ తాళం తీసే చెవి ఆ కంపెనీ బాక్సులోనే ఉంటుంది. కొత్త బాక్స్ కొనాలి, కుర్రాడు వచ్చి డాబా మీద గొడుగును ఇంకో ఉపగ్రహం వైపు తిప్పాలి లేదా కొత్తది బిగించాలి, వాడికి బిగింపు చార్జీ ఇవ్వాలి. పాత బాక్స్ అటకెక్కుతుంది. బాక్సులు ఏ కంపెనీకైనా పనికొచ్చేలా ఉండాలన్న షరతు డీటీహెచ్ లైసెన్సు నిబంధనల్లో మొదటి నుంచీ ఉన్నదే. 2020 ఏప్రిల్‌లో ట్రాయ్ మళ్లీ గట్టిగా సిఫారసు చేసింది. ఫలితం మన అటక మీదే కనిపిస్తోంది. డిష్ టీవీ, డీ2హెచ్ 2018లో ఒక్కటయ్యాయి. ఇప్పుడు నెలనెలా డబ్బు తీసుకునే డీటీహెచ్ కంపెనీలు దేశం మొత్తానికి నాలుగే. నాలుగింటి మధ్య నాలుగు గోడలు.

ఫోన్ సంగతి ఇంతకంటే ఘోరం. ఎందుకంటే టీవీ కట్టేసి బతకొచ్చు, నంబరు లేకుండా ఇవాళ బతకలేం. బ్యాంకు ఓటీపీ, గ్యాస్ బుకింగ్, పెన్షన్ మెసేజి అన్నీ ఆ పది అంకెల మీదే వేలాడుతున్నాయి. ఒకప్పుడు అవతలివాళ్లు ఫోన్ చేస్తే ఎత్తడానికి నెలనెలా కప్పం కట్టక్కర్లేదు. 2018 నవంబరులో ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా 35 రూపాయల కనీస రీచార్జి గీత గీశాయి. వేయకపోతే కొన్నాళ్లకు ఇన్‌కమింగ్ కూడా కట్. 2024 జులై పెంపు తర్వాత ఆ గడప 199 దగ్గరికి చేరింది, జియోలో 189. ఆ రేటులో కావలసినన్ని కాల్సు, 2 జీబీ డేటా ఉన్నాయి, పాత ముప్పై అయిదులో అవి లేవు, ఒప్పుకుంటాను. మరి అవి అడగనివాళ్ల మాటేమిటి?

మా వీధి చివర రీచార్జి కొట్లో ఆ మధ్య చూసిన బేరం ఇది. డెబ్బై దాటిన పెద్దావిడ కొంగు ముడి విప్పి రెండు వంద నోట్లు తీసింది. చేతిలో మీటల మీద అంకెలు అరిగిపోయిన చిన్న ఫోను.

"మా అబ్బాయి చేస్తే కలవట్లేదంట నాయనా, ఏమైందో చూడు."

"వేలిడిటీ అయిపోయింది మామ్మగారూ. నూట తొంభై తొమ్మిది వేస్తే ఇరవై ఎనిమిది రోజులు. రెండు జీబీ డేటా కూడా వస్తుంది."

"డేటా నాకెందుకురా? వాడు చేస్తే ఎత్తుతాను, అంతే. అది తీసేసి మిగతాది వెయ్యి."

"తీసేస్తే మూణ్ణెల్లది ఉంది, నాలుగొందల అరవై చిల్లర. ఒకేసారి కట్టాలి మరి."

ఆవిడ ఇంకేం మాట్లాడకుండా రెండు నోట్లూ బల్ల మీద పెట్టేసింది.

ఆ మూణ్ణెల్ల ప్యాక్ కథ కూడా వినాల్సిందే. డేటా వద్దనేవాళ్ల కోసం కాల్సు, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాక్ విడిగా పెట్టి తీరాలని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది. కంపెనీలు ఆదేశాన్ని అక్షరాలా పాటించాయి, ఆత్మను మాత్రం గాలికొదిలాయి. మరుసటి నెల జియో, ఎయిర్‌టెల్ తెచ్చిన ప్యాకులు 84 రోజులవి, లేదంటే దాదాపు ఏడాదివి. 84 రోజులకు జియోలో 448, ఎయిర్‌టెల్‌లో 469. 448ని ఇరవై ఎనిమిది రోజుల లెక్కకు తెస్తే 149 చిల్లర. డేటాతో కలిపి 189 అయినది డేటా తీసేస్తే నలభై రూపాయలే తగ్గింది, అదీ మూడు విడతల డబ్బు ముందే చేతిలో పెడితే. రోజు కూలి మీద బతికేవాడికి ఆ తగ్గింపు అందేది ఎలా? కావాలంటే పుట్టెడు కొను, లేదంటే అక్కర్లేనిది కూడా కలుపుకుని కొను అంటే దాన్ని ఎంపిక అనరు.

"పోర్ట్ పెట్టుకోండి, ఎవరు ఆపారు?" అంటారు. జనం ఆ పనీ చేశారు. 2024 జులై మొదటి వారంలో మూడు ప్రైవేటు కంపెనీలూ ఒక రోజు తేడాతో రేట్లు పెంచాయి. 28 రోజుల ప్యాకుల్లో మూడింటికీ 299 వచ్చి కూర్చుంది. ట్రాయ్ లెక్కల ప్రకారం ఆ నెలలో మూడూ చందాదారులను పోగొట్టుకున్నాయి, రేటు పెంచని బీఎస్ఎన్ఎల్‌లో దాదాపు 29 లక్షల మంది చేరారు. వినియోగదారుడికి తెలివిలేదన్నవాళ్లకు ఇంతకంటే జవాబు ఉండదు. కానీ వెళ్లినచోట సిగ్నల్ ఉండాలి కదా. జియో, ఎయిర్‌టెల్ 2022 అక్టోబరులో 5జీ మొదలుపెడితే, బీఎస్ఎన్ఎల్ 4జీని దేశవ్యాప్తంగా ప్రారంభించేసరికి 2025 సెప్టెంబరు వచ్చింది. ఈలోగా, ఆ 2024 నవంబరుకే దాని చందాదారులు మళ్లీ తగ్గడం మొదలైంది. ఎయిర్‌సెల్, యూనినార్, టాటా డొకోమో, ఐడియా స్టిక్కర్లతో ఒకప్పుడు రీచార్జి కొట్ల అద్దాలు కనిపించేవి కావు. వాటిలో ఒక్క పేరూ విడిగా మిగల్లేదు. పోవడానికి దారి చూపించి, చేరడానికి ఊరు లేకుండా చేస్తే ఆ దారి ఎవరికి?

ఇంకో వాదన ఉంది. టీవీ నచ్చనివాళ్లు డిష్ తీసేసి ఫోన్లోనే చూసుకుంటున్నారుగా, అదే ఎంపిక అని. నిజమే, 2020 చివర్లో ఏడు కోట్ల పైచిలుకున్న డీటీహెచ్ చందాదారులు 2025 మార్చికి 5.7 కోట్ల దగ్గరికి తగ్గారు. వెళ్లిన చోటు ఎవరిదో చూడండి. స్టార్, వయాకామ్18 వ్యాపారాలు 2024 నవంబరులో రిలయన్స్ గొడుగు కిందికి చేరాయి. జియో డేటాతో జియో హాట్‌స్టార్‌లో స్టార్ మా సీరియల్ చూసే మనిషి డిష్ మానేసి ఎటు పోయినట్టు? డేటా వాళ్లది, యాప్ వాళ్లది, చానల్ వాళ్లది. ఎయిర్‌టెల్‌కు మొబైల్‌తో పాటు బ్రాడ్‌బ్యాండూ ఉంది, డీటీహెచ్చూ ఉంది. ఈ గదిలోంచి ఆ గదిలోకి మారడాన్ని ఇల్లు మారడం అంటున్నాం.

ఆఖరిది, అన్నింటికంటే నాకు ఒళ్లు మండించేది, జనం చదవరన్న నింద. నెల అంటే 28 రోజులని ఏ పంచాంగంలో ఉంది? ఏడాదికి పన్నెండు రీచార్జిలతో పోవలసింది పదమూడు చేయిస్తున్నారు. 299 ప్యాక్ మీద అంటే ఏడాదికి ఇంకో 299. ముప్పై రోజుల ప్యాక్ ఒకటి, ప్రతి నెలా అదే తేదీకి వేసుకునే ప్యాక్ ఒకటి ఉంచాలని 2022 జనవరిలో ట్రాయ్ చెప్పాల్సి వచ్చింది. అవి ఉన్నాయి, యాప్‌లో వేలు నొప్పి పుట్టేదాకా కిందికి జరిపితే. రేటు అయిదు రూపాయలు, రోజులు రెండు, డేటా సగం జీబీ తేడాతో పక్కపక్కనే పేర్చిన ప్యాకులు పోల్చుకోవడానికి పెట్టినవి కావు, విసుగొచ్చి మొదటిది నొక్కేయడానికి పెట్టినవి.

నిజానికి మన చేతిలో ఉన్న కాస్త స్వేచ్ఛా మార్కెట్ దయతో వచ్చింది కాదు. నంబరు మార్చకుండా కంపెనీ మారే వీలు 2011 జనవరి 20న దేశమంతా వచ్చింది, నిబంధన పెట్టబట్టి. ఫలానా సైట్లే ఉచితం, మిగతావాటికి డబ్బు అనే పద్ధతిని 2016 ఫిబ్రవరిలో ట్రాయ్ అడ్డుకుంది, లక్షల మంది ఈమెయిళ్లతో హోరెత్తించబట్టి. కాబట్టి అడగాల్సింది ఇంకో వంద ప్యాకులు కాదు. ఏ కంపెనీకైనా పనిచేసే బాక్స్ కావాలి. విడి చానల్‌ను శిక్షగా మార్చే బొకే రాయితీకి గట్టి హద్దు కావాలి. కాల్సు మాత్రమే చాలన్నవాళ్లకు ఒక నెలకే దొరికే చవక ప్యాక్ కావాలి, ప్యాక్ అయిపోయినా వచ్చే కాల్, వచ్చే ఓటీపీ ఆగకూడదు. బీఎస్ఎన్ఎల్‌ను పేరుకు కాకుండా పోటీకి నిలబెట్టాలి.

ఇవి జరిగితే ప్యాకుల పట్టిక సగానికి కుదించుకుపోయినా నాకు అభ్యంతరం లేదు. అందాకా ఎక్కువ బిల్లు కట్టేవాణ్ణి తెలివితక్కువవాడని ఎగతాళి చేయడం మానండి. ఎంత తెలివి ఉపయోగించినా వాడికి వచ్చే బిల్లు అదే.