కోత పండుగలో కొర్ర పాయసము

ఈ నెల ఒక చిన్న నిరాశను గూర్చి వ్రాయుచున్నాము. పాయసము సంగతి గదా అని మీరు నవ్వవచ్చును. మా మనస్సులో మాత్రము అది ఇన్నేండ్లుగా నిలిచియున్నది.

మేము పెనుకొండ ప్రక్క పల్లెలో పెరిగినవారము. కోత పండుగ అనగా పాటలకంటె, వేలముపాటకంటె ముందుగా మాకు కొర్ర పాయసమే జ్ఞాపకము వచ్చును. జూన్, జూలై నెలలలో వాన పడగానే విత్తిన కొర్ర మూడు నెలలలో కోతకు వచ్చేది. మొదటి తట్ట గుడికి చేరేది. అందులో కొంత వేలము వేసి, మిగిలినది స్త్రీలు దంచి, హిందూపురము నుండి తెచ్చిన బెల్లముతో పెద్ద గుండిగలో వండేవారు. విస్తరిలో పోయగానే నాలుగు దిక్కులకు పారేది. వేళ్లతో అడ్డుకట్ట వేసి తినేవారము. కొర్ర బియ్యము బెల్లములో ఉడికిన ఆ వాసన వరి పాయసమునకు లేదు. ఇది మా పక్షపాతమే కావచ్చును.

ఒక సంవత్సరము పంక్తిలో కూర్చుంటే సేమ్యా పాయసము వచ్చినది. మరుసటి సంవత్సరమును అదే. ఎందుకని ఎవరును చెప్పలేదు, ఎవరును అడుగలేదు. మేము మాత్రము ఐగుప్తులోని దోసకాయలను తలంచుకొని ఏడ్చిన ఇశ్రాయేలీయులవలె ఇంటికి వచ్చి అలిగి పండుకొన్నాము.

కారణము పెద్దయిన తరువాత తెలిసినది. ఉమ్మడి అనంతపురము జిల్లాలో (2022 నుండి మన మూడు ఊళ్లు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నవి) ఏటికి సగటున 550 మిల్లీమీటర్లే వర్షము. ఆ కొద్ది వానకు కొర్ర, సద్ద, జొన్న, ఆరిక సరిపోయేవి. అయితే వేరుశెనగకు చేతికి రొక్కము వచ్చును. 1983లో కిలో 2 రూపాయల బియ్యము వచ్చి, తిండికొరకు కొర్ర పండించవలసిన అవసరము తగ్గినది. 1986లో కేంద్ర ప్రభుత్వము నూనె గింజల మిషన్ పెట్టిన తరువాత వేరుశెనగకు మరింత ఊతము దొరికినది. చేను వెంబడి చేను కాయల చేనైనది. ఒక దశలో జిల్లాలో ఆ పంట 7 లక్షల హెక్టార్లు దాటినది. వాన పడిన ఏడు డబ్బు, పడని ఏడు అప్పు. తిండిగింజ మాత్రము రెండేండ్లలోను ఇంట ఉండదు. పంట పోయిన ఏడు మనవారు ఎందరు మూటలతో బెంగళూరు బండి ఎక్కినారో ధర్మవరము స్టేషనులో నిలిచి చూచినవారికి తెలియును. అప్పుడు పాయసము సంగతి ఎవరు తలంచుదురు?

కొన్నేండ్ల క్రిందట ధర్మవరములో ఒక కూడికలో ఈ మాట ఎత్తినాము. "మన ఆడవారు పాత వంటలు మరచిపోయినారు" అని కూడ అన్నాము. ప్రక్కనే కూర్చున్న ఒక పెద్దమ్మ మా వైపు తిరిగినది.

"తిన్యావు సరే నాయనా, ఎప్పుడన్నా దంచినావా?"

కొర్ర పొట్టు తేలికగా ఊడదు. ఎండబెట్టవలెను, దంచవలెను, చెరగవలెను, మరల దంచవలెను. ఊరందరికి పాయసమంటే నలుగురైదుగురు స్త్రీలు తెల్లవారుజాముననే రోకలి పట్టవలసినదే.

"ఆ పండగ నాడు వాక్యం ఒక్క ఏడూ మేము పూర్తిగా ఇనలేదు. సేమ్యా తెచ్చిన ఏడే చాప మీద కూచోని కడదాకా ఇన్యాము" అన్నది.

మాకు మాట రాలేదు. మేము అలిగి పండుకొన్న దినమే ఆమెకు పండుగ దినమన్న మాట!

ఇప్పుడు కాలము మరల కొంత తిరిగినది. పెనుకొండకు ధర్మవరమునకు నడుమనున్న చెన్నేకొత్తపల్లిలో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ వారు చిరుధాన్యములను తిరిగి పొలములకు తెచ్చుటకు పాటుపడినారు; 2008లో అక్కడి రైతులకు ధరణి అను సహకార సంఘము ఏర్పడినది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది. పొట్టు తీయుటకు మిషన్లు వచ్చినవి. బీదవారి కూడని పేరుపడిన కొర్ర ఇప్పుడు సంచులలో, సన్న బియ్యముకంటె ఎక్కువ ధరకు అమ్ముచున్నారు. కొనునప్పుడు మాకును కొంచెము నొప్పి కలిగినది.

అయినను గత కోత పండుగకు ఐదు కిలోలు కొని ఆ పెద్దమ్మకు పంపినాము. "మిషన్ బియ్యమైతే సరే. కలబెట్టేదానికి నువ్వు రావాల" అని కబురు వచ్చినది. పోయినాము. గరిటె మాచేతనే పట్టించినారు. కొంచెము అడుగంటినది. గుండిగ మాత్రము ఖాళీ అయినది.