కట్టకు అవతల ముగ్గురు, ఇవతల సున్న

అనంతపురంలో ఎన్నికల మాట వస్తే పెద్దవాళ్లు ఇప్పటికీ 1952 దగ్గరే మొదలుపెడతారు. ఆనాడు మద్రాసు శాసనసభకు జరిగిన ఎన్నికల్లో ఇక్కడ కాంగ్రెసు తరఫున నీలం సంజీవరెడ్డి, కమ్యూనిస్టు పార్టీ తరఫున తరిమెల నాగిరెడ్డి నిలబడ్డారు. నాగిరెడ్డి గెలిచారు. ఓడిన సంజీవరెడ్డి నాలుగేళ్లకే ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రి, 1977లో రాష్ట్రపతి అయ్యారు. ఈ కథను మనవాళ్లు 'బావా బావమరుదుల పోటీ' అని మురిసిపోతూ చెబుతారు. బావకూ బావమరిదికీ నడుమ ఒక మనిషి ఉండాలి కదా! నాగిరెడ్డికి తోబుట్టువు, సంజీవరెడ్డికి భార్య అయిన నాగరత్నమ్మ ఆ మనిషి. ఆ ఎన్నికలో ఆమె ఎవరికి ఓటు వేశారని గానీ, అసలు ఆమె ఏమనుకున్నారని గానీ అడిగినవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. ఆమె ఈ కథలో చుట్టరికం కలపడానికి మాత్రమే పనికొచ్చింది.

అదే ఎన్నికల్లో దేశం మొత్తం మీద దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు ఓటర్ల జాబితాలోంచి కొట్టేశారు. వాళ్లు తమ పేరు చెప్పకుండా ఫలానావాడి భార్య, ఫలానావాడి కూతురు అని రాయించుకున్నారట. ఇది ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల్లో జరిగింది. మన దగ్గర జాబితాలో పేర్లయితే ఉన్నాయి. మరి డెబ్బయి ఏళ్లకు పైగా ఆ పేర్లతో మనం ఏం చేసుకున్నాం?

ఈ నియోజకవర్గం ఓట్ల చరిత్రను 'చైతన్యానికి' ఉదాహరణగా చెప్పుకోవడం మన పట్టణ మేధావులకు అలవాటు. నిజమే, ఈ ఊరు ఒకే జెండాకు కట్టుబడి లేదు. 1967లో మళ్లీ నాగిరెడ్డిని గెలిపించింది. ఆయన ఈ శాసనసభ వల్ల ప్రజలకు ఒరిగేదేమీ లేదని 1969లో రాజీనామా చేసి బయటికి వచ్చేశారు. 1994లో సి.పి.ఐ. నాయకుడు కె. రామకృష్ణ, 1999లోనూ 2004లోనూ కాంగ్రెసు నుంచి బి. నారాయణరెడ్డి గెలిచారు. పునర్విభజనలో చుట్టుపక్కల పల్లెలు చాలావరకు రాప్తాడు కింద పోయి, నగరమూ నారాయణపురం, కక్కలపల్లి లాంటి శివార్లూ మిగిలి 'అనంతపురం అర్బన్' అయింది. 2009లో గురునాథరెడ్డి కాంగ్రెసు టికెట్టు మీద గెలిచి, 2012 ఉప ఎన్నికలో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు అభ్యర్థిగా మళ్లీ గెలిచారు. 2014లో తెలుగుదేశం ప్రభాకర్ చౌదరి, 2019లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు అనంత వెంకట్రామిరెడ్డి, 2024లో తెలుగుదేశం దగ్గుబాటి వెంకటేశ్వర ప్రసాద్. ఎర్రజెండా, మూడు రంగుల జెండా, పసుపు జెండా, చివరికి ఒక కొత్త జెండా కూడా ఎగిరాయి. ఒక్క స్త్రీ మాత్రం గెలవలేదు. ఒక్కసారి కూడా. 2014, 2019, 2024 ఎన్నికల్లో గెలిచినవారే కాదు, రెండో స్థానంలో నిలిచినవారూ మగవాళ్లే. అంటే పోటీ మగవాళ్ల మధ్య, ఓటు మాత్రం ఆడవాళ్లది! 2024 నాటి రాష్ట్ర ఓటర్ల జాబితాలో మగవాళ్లకంటే మనమే ఎక్కువమందిమి.

ఈ మాట ఎత్తితే పార్టీల వాళ్లు ఒకే పాట పాడతారు. "అర్బన్ సీటు అమ్మా, డబ్బూ పలుకుబడీ కావాలి, ఆడవాళ్లు తట్టుకోలేరు." వారిని ఒక్కసారి ఊరు దాటి చెరువు కట్ట దాకా రమ్మనాలి.

బుక్కరాయసముద్రం చెరువు మనకు తెలియనిది కాదు. కట్ట తెగుతుంటే ఊళ్ల కోసం గండిలో దిగి ప్రాణమిచ్చిన కోడలు ముసలమ్మ కథ అక్కడిదే. కట్టమంచి రామలింగారెడ్డి దాన్ని 'ముసలమ్మ మరణం' అని కావ్యం చేశాక తెలుగు దేశమంతా చదివింది. ఆడది చచ్చి నీళ్లు కాపాడితే కావ్యం రాస్తారు, బతికుండి ఆ నీళ్ల పంపకంలో పెత్తనం అడిగితే "తట్టుకోలేవు" అంటారు. ఆ బుక్కరాయసముద్రం మండలం ఉన్నది శింగనమల నియోజకవర్గంలో. అక్కడ 2014లో యామినీబాల, 2019లో జొన్నలగడ్డ పద్మావతి, 2024లో బండారు శ్రావణిశ్రీ గెలిచారు. వరసగా మూడు ఎన్నికలు, ముగ్గురు స్త్రీలు, రెండు పార్టీలు. మరోవైపు రాప్తాడులో 2009, 2014, 2024లలో పరిటాల సునీత గెలిచారు. ఉమ్మడి జిల్లాలోని 14 స్థానాల్లో 2024లో నాలుగు చోట్ల స్త్రీలే గెలిచారు. కరువు పల్లెల జనం ఆడవాళ్లకు ఓటు వేయగలిగితే, రెండు విశ్వవిద్యాలయాల నీడన ఉన్న చదువుకున్న ఊరికి వచ్చిన అడ్డేమిటి? అడ్డు ఓటరు దగ్గర లేదు. టికెట్టు ఇచ్చే గది తలుపు దగ్గర ఉంది.

అవతలి ఒడ్డంతా పచ్చగా ఉందని చెప్పడం నా ఉద్దేశం కాదు. శింగనమల ఎస్.సి. రిజర్వుడు స్థానం. అలాంటి చోట దళిత స్త్రీకి టికెట్టు ఇచ్చేటప్పుడు, పెత్తనం తమ చేతిలోనే ఉంటుందని పార్టీ పెద్దలు వేసుకునే లెక్క మనకు తెలియనిది కాదు. సునీత మొదట శాసనసభకు వెళ్లింది 2005లో భర్త హత్య తర్వాత, పెనుకొండ నుంచి. యామినీబాల తల్లి శమంతకమణి రాజకీయాల్లో ఉన్న మనిషి. ఇవన్నీ చూపించి "కుటుంబం పేరుతో వచ్చినవాళ్లే కదా" అని మూతి విరిచేవాళ్లు మనలోనూ ఉన్నారు. అనంత వెంకట్రామిరెడ్డి తండ్రి కూడా పార్లమెంటు సభ్యుడే. కొడుకు వస్తే వారసుడు, కూతురో భార్యో వస్తే 'కుటుంబం కోటా'. ఈ రెండు నాల్కల ధోరణిని ముందు మన నోళ్లలోంచి తీసేయాలి.

సమర్థులు లేరన్నది ఇంకో అబద్ధం. 74వ రాజ్యాంగ సవరణ పుణ్యమా అని పట్టణ పాలక సంస్థల్లో మూడోవంతుకు తగ్గకుండా స్త్రీలు కూర్చుంటున్నారు. 2014లో మదమంచి స్వరూప ఈ నగరానికి మేయరయ్యారు. డ్రైనేజీ, కుళాయి, వీధి దీపం, పన్నుల గొడవలు అన్నీ చూసిన కార్పొరేటర్లు ఈ ఊళ్లో ఎందరో ఉన్నారు. కొందరి కుర్చీలో భర్తలు కూర్చున్న మాట కూడా వాస్తవమే. నేనే ఒక వార్డు సమావేశానికి వెళితే, ఎన్నికైన ఆమె టీ గ్లాసులు అందిస్తున్నది, మాట్లాడింది ఆయన. అయినా ఆ గదిలో ఆమెను నిలదీసేవాళ్లే గానీ ఆయన్ను లేవమన్నవాళ్లు లేరు. నేను కూడా లేవమనలేదు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

మన సంఘాల సంగతి కూడా మాట్లాడుకోవాలి. 1992లో దూబగుంటలో అంటుకున్న నిప్పు రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారాను నిషేధింపజేసింది. 1994లో మద్యనిషేధం హామీ మీద ప్రభుత్వమే మారింది. అంత బలం చూపిన ఏడాదిలో కూడా మనం అడిగింది హామీ, సీటు కాదు. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ నిషేధాన్ని 1997లో ఎత్తేసినప్పుడు, ఆ నిర్ణయం జరిగిన చోట మనవాళ్లు ఎందరున్నారు? ఆ తర్వాత డ్వాక్రా, మెప్మా గ్రూపులు వచ్చాయి. పొదుపు నేర్చుకున్నాం, అప్పు కట్టడం నేర్చుకున్నాం. ఏ పార్టీ అధికారంలో ఉంటే ఆ పార్టీ సభకు బస్సెక్కడం కూడా నేర్పించారు. మా పక్క ఆడోళ్లు అడిగే తీరులో అడగాలంటే, "బస్సులెక్కేకి మేము కావల్ల, నామినేషనేసేకి వాళ్లు కావల్లనా?"

చట్టం వచ్చింది కదా, ఇంకెందుకీ గొడవ అనేవాళ్లున్నారు. 1996 సెప్టెంబరులో పార్లమెంటులో పెట్టిన బిల్లు 27 ఏళ్లు నానబెట్టాక 2023 సెప్టెంబరులో ఆమోదం పొందింది. పొందిన రోజునే అందులో మెలిక కూడా పెట్టారు: ముందు జనాభా లెక్కలు, ఆపైన పునర్విభజన, ఆ తర్వాతే అమలు. సీట్లు మార్చి మార్చి కేటాయిస్తారు. కాబట్టి ఆ మూడోవంతులో అనంతపురం అర్బన్ వస్తుందన్న పూచీ ఎవరూ ఇవ్వలేరు. జనరల్ సీటులో స్త్రీకి టికెట్టు ఇవ్వడానికి ఏ చట్టమూ అడ్డు రాదు, 1952లో కూడా రాలేదు.

అందుకని వచ్చే ఎన్నికల దాకా కూర్చోకుండా ఇప్పుడే చేయదగిన పని ఒకటుంది. నగరంలో ఆఫీసున్న ప్రతి పార్టీకీ, కమ్యూనిస్టు పార్టీలతో సహా, సంతకాలు పెట్టి ఉత్తరం ఇద్దాం. ఈ సీటు కోసం ఇంతవరకు ఎందరు స్త్రీలు టికెట్టు అడిగారు, వారిని ఏ కారణం మీద కాదన్నారు, నియోజకవర్గం కమిటీలో ఎందరు స్త్రీలున్నారు, రాతపూర్వకంగా చెప్పమందాం. వచ్చిన జవాబులను, రాని జవాబులను కూడా పార్టీల పేర్లతో సహా ఈ పత్రికలోనే అచ్చువేద్దాం. ఉత్తరం నకలు సిద్ధంగా ఉంది. సంతకం చేయదలచినవారు వచ్చే నెల సమావేశానికి వస్తూ తమ వార్డు నుంచి మరో పదిమందిని వెంటబెట్టుకు రండి. సంతకంలో మీ పేరు రాయండి, ఫలానావారి భార్య అని కాదు.