రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం

రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం తెలంగాణ రాష్ట్ర రాజధాని హైదరాబాదు నగరానికి ప్రధాన విమానాశ్రయం. ఇది నగరానికి దక్షిణంగా సుమారు 24 కి.మీ. దూరంలో, రంగారెడ్డి జిల్లా శంషాబాదు వద్ద 5,495 ఎకరాల విస్తీర్ణంలో ఉన్నది. వాడుకలో దీనిని శంషాబాదు విమానాశ్రయం అని పిలుస్తారు. దీని ఐఏటీఏ సంకేతం హెచ్‌వైడీ, ఐకావో సంకేతం వీఓహెచ్ఎస్. 2008 మార్చి 14న సోనియా గాంధీ దీనిని ప్రారంభించగా, మార్చి 23 నుండి విమానాల రాకపోకలు మొదలైనవి. అదే సమయంలో బేగంపేట విమానాశ్రయం నుండి ప్రయాణికుల విమానాలు నిలిపివేయబడినవి.

ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో ఖాళీ భూమిలో నిర్మించిన పెద్ద విమానాశ్రయాలలో దేశంలో మొదటివాటిలో ఇది ఒకటి. నిర్మాణానికి పెట్టుబడి రాబట్టుటకు ప్రభుత్వం అంగీకరించిన షరతులు ప్రయాణికులు చెల్లించే రుసుముపైన, పరిసర పట్టణాల విమాన సౌకర్యంపైన ప్రభావం చూపినవి. అందువలన ఈ విమానాశ్రయ చరిత్రను ఆ ఒప్పందం నుండి విడదీసి చూడలేము.

నేపథ్యం

హైదరాబాదులో విమానయానం నిజాం కాలం నాటిది. బేగంపేట విమానాశ్రయం 1930వ దశకంలో ఏర్పడినది. 1945లో నిజాం ప్రభుత్వ భాగస్వామ్యంతో స్థాపించబడిన దక్కన్ ఎయిర్‌వేస్ సంస్థ ఇక్కడి నుండి విమానాలు నడిపినది. భారతదేశంలో వాణిజ్య విమానం నడిపిన తొలి మహిళగా పేరొందిన ప్రేమ్ మాథుర్ ఈ సంస్థలోనే పైలట్‌గా చేరినది. 1953లో విమానయాన సంస్థల జాతీయీకరణతో దక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమైనది.

కాలక్రమాన నగరం పెరిగి బేగంపేట నాలుగు వైపులా నివాస ప్రాంతాలు వచ్చినవి. రన్‌వేను పొడిగించుటకు గాని, కొత్త టెర్మినల్ కట్టుటకు గాని తగినంత స్థలం లేకపోయినది. 1990వ దశకం చివరలో సాఫ్ట్‌వేర్ రంగం విస్తరించడంతోను, గల్ఫ్ దేశాలకు వలసలు పెరగడంతోను కొత్త విమానాశ్రయం అవసరమని అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భావించినది. బొంగుళూరు, నాదర్‌గుల్, శంషాబాదు అను మూడు స్థలాలను పరిశీలించి, 1998లో శంషాబాదును ఎంపిక చేసినది. జాతీయ రహదారి, రైలు మార్గం దగ్గరగా ఉండుట ఇందుకు ముఖ్య కారణం.

ఒప్పందము, నిర్మాణము

నిర్మాణ, నిర్వహణ బాధ్యతల కొరకు జీఎంఆర్ హైదరాబాద్ ఇంటర్నేషనల్ ఎయిర్‌పోర్ట్ లిమిటెడ్ అను సంస్థ ఏర్పాటైనది. మొదట ఇందులో జీఎంఆర్ సంస్థకు 63 శాతం, మలేషియా ఎయిర్‌పోర్ట్స్ సంస్థకు 11 శాతం, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థకు 13 శాతం, రాష్ట్ర ప్రభుత్వానికి 13 శాతం వాటాలుండేవి. 2014లో రాష్ట్ర విభజన తరువాత ప్రభుత్వ వాటా తెలంగాణకు చెందినది. 2024 జనవరిలో మలేషియా సంస్థ వాటాను జీఎంఆర్ కొనుగోలు చేయగా, దాని వాటా 74 శాతానికి చేరినది.

కేంద్ర ప్రభుత్వంతో 2004 డిసెంబరు 20న రాయితీ ఒప్పందం కుదిరినది. 2005 మార్చిలో శంకుస్థాపన జరిగి మూడేళ్ళలో నిర్మాణం పూర్తి అయినది. ఒప్పందంలోని ముఖ్యాంశాలు:

* విమానాశ్రయం తెరిచిన నాటి నుండి 30 ఏళ్ళ నిర్వహణ హక్కు, మరో 30 ఏళ్ళు పొడిగించుకొను అవకాశం. 2022లో ఈ పొడిగింపు ఖరారు కావడంతో హక్కు 2068 వరకు ఉంటుంది.
* స్థూల ఆదాయంలో 4 శాతం కేంద్రానికి చెల్లింపు. మొదటి పదేళ్ళకు చెందిన మొత్తాన్ని వాయిదా వేయుటకు అనుమతి కలదు.
* రాష్ట్ర ప్రభుత్వం నుండి రూ.107 కోట్ల గ్రాంటు, రూ.315 కోట్ల వడ్డీ లేని ఋణం, ఇంకా కౌలుపై భూమి.
* 25 ఏళ్ళ వరకు 150 కి.మీ. పరిధిలో కొత్త విమానాశ్రయాలపైన, ఉన్నవాటిని అంతర్జాతీయ స్థాయికి పెంచుటపైన ఆంక్ష.

తరువాత కొద్ది కాలానికే ప్రైవేటు సంస్థలకు అప్పగించబడిన ఢిల్లీ విమానాశ్రయం తన ఆదాయంలో 45.99 శాతం, ముంబై విమానాశ్రయం 38.7 శాతం ప్రాధికార సంస్థకు ఇచ్చుటకు అంగీకరించినవి. వీటిని హైదరాబాదు చెల్లించే 4 శాతంతో నేరుగా పోల్చుట సరికాదు. ఢిల్లీ, ముంబైలలో అప్పటికే నడుస్తున్న విమానాశ్రయాలు, సిద్ధంగా ఉన్న ప్రయాణికులు ఉన్నారు. శంషాబాదులో అంతా కొత్తగా కట్టవలసి ఉన్నది. అయినను భూమి, గ్రాంటు, ఋణం, పోటీ నుండి రక్షణ అన్నీ కలిపి చూచినపుడు, పెట్టుబడిదారు భరించవలసిన నష్టభయంలో పెద్ద భాగాన్ని ప్రజలే మోసినారని చెప్పవచ్చును.

బేగంపేట మూసివేత వివాదము

కొత్త విమానాశ్రయం తెరిచినపుడు పాతదానిని మూసివేయవలెనన్న నిబంధనపై తీవ్ర వ్యతిరేకత వచ్చినది. హైదరాబాదు, బెంగళూరులలోని పాత విమానాశ్రయాల మూసివేతను నిరసిస్తూ ప్రాధికార సంస్థ ఉద్యోగులు 2008 మార్చి 12 నుండి దేశవ్యాప్తంగా సమ్మె చేసినారు. సికింద్రాబాదు, ఉత్తర హైదరాబాదు వాసులకు బేగంపేట ఊరి మధ్యనే ఉండేది. గంట లోపు విమాన ప్రయాణానికి నగరం దాటి అంతకంటె ఎక్కువ సేపు రోడ్డుపై వెళ్ళవలసి రావడం వారి ప్రధాన అభ్యంతరం. దేశీయ విమానాలకైనా బేగంపేటను ఉంచవలెనని కోరినవారున్నారు.

దీనికి నిర్వాహకుల వాదన వేరు. ప్రయాణికులు రెండు చోట్లకు చీలిపోతే కొత్త విమానాశ్రయం అప్పులు తీర్చలేదు. ఆ భయం ఉంటే బ్యాంకులు మొదటే ఋణం ఇచ్చేవి కావు. ఈ వాదనే నెగ్గినది. బేగంపేటను ప్రస్తుతం వైమానిక దళ శిక్షణకు, ప్రముఖుల విమానాలకు, విమాన ప్రదర్శనలకు వినియోగిస్తున్నారు.

నిర్వహణ

విమానాశ్రయ నిర్వహణ అంతా ఒకే సంస్థ చేతిలో లేదు. టెర్మినల్, రన్‌వేలు, వాహనాల నిలుపుదల, దుకాణాలు రాయితీ సంస్థ అధీనంలో ఉన్నవి. విమానాల రాకపోకల నియంత్రణను విమానాశ్రయాల ప్రాధికార సంస్థ, భద్రతను కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం, వలస తనిఖీ, కస్టమ్స్ పనులను కేంద్ర ప్రభుత్వ శాఖలు చూస్తాయి.

ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. అతి పెద్ద ప్రయాణికుల విమానమైన ఎయిర్‌బస్ ఏ380 కూడా దిగుటకు ఇది అనువైనది. దీనికి సమాంతరంగా ఉన్న ట్యాక్సీ మార్గాన్ని 2012లో 3,707 మీటర్ల రెండవ రన్‌వేగా మార్చినారు. ప్రధాన రన్‌వే మరమ్మత్తుల సమయంలో ఇది ఉపయోగపడుతుంది.

టెర్మినల్ తొలి సామర్థ్యం ఏడాదికి 1.2 కోట్ల ప్రయాణికులు. విస్తరణ తరువాత ఇది 3.4 కోట్లకు పెరిగినది. 2018-19లో 2.1 కోట్లు దాటిన ప్రయాణికుల సంఖ్య, కోవిడ్ కారణంగా 2020-21లో సుమారు 80 లక్షలకు పడిపోయినది. 2023-24లో 2.5 కోట్లకు, 2024-25లో సుమారు 2.9 కోట్లకు చేరినది.

హైదరాబాదు ఔషధ పరిశ్రమ వలన సరుకు రవాణాలో మందులకు ప్రత్యేక స్థానం ఉన్నది. ఉష్ణోగ్రతను అదుపులో ఉంచు గిడ్డంగులు ఇక్కడ కలవు. 2021 మే 1న రష్యా నుండి స్పుత్నిక్-వి టీకాల తొలి విడత 1.5 లక్షల మోతాదులు ఇక్కడికే వచ్చినవి.

ప్రయాణికుల రుసుము

ప్రయాణికులు ఎక్కువగా చర్చించిన అంశం వినియోగదారుల అభివృద్ధి రుసుము. ఇది టిక్కెట్టు ధరలో కలిసి ఉంటుంది. 2008లో అంతర్జాతీయ ప్రయాణికునికి రూ.1,000, దేశీయ ప్రయాణికునికి రూ.375 చొప్పున వసూలు మొదలైనది. తరువాత ధరలను నిర్ణయించు అధికారం 2009లో ఏర్పడిన విమానాశ్రయాల ఆర్థిక నియంత్రణ ప్రాధికార సంస్థకు వచ్చినది.

వివాదానికి మూలం ఆదాయ లెక్కింపు పద్ధతి. విమానాశ్రయానికి రెండు రకాల ఆదాయం ఉంటుంది. ఒకటి విమానాల దిగుడు, నిలుపుదల వంటి సేవల నుండి వచ్చేది. రెండవది దుకాణాలు, ప్రకటనలు, వాహనాల నిలుపుదల వంటి వాటి నుండి వచ్చేది. ఈ రెండింటినీ ఒకే ఖాతాగా చూస్తే, దుకాణాల ఆదాయం విమాన సేవల ఖర్చును భరించి ప్రయాణికుని రుసుము తగ్గుతుంది. వేరు చేస్తే రుసుము పెరుగుతుంది. నియంత్రణ సంస్థ ఒకే ఖాతా పద్ధతిని అనుసరించి 2014 ఏప్రిల్ నుండి హైదరాబాదులో ఈ రుసుమును పూర్తిగా తొలగించినది. రాయితీ సంస్థ హైకోర్టును ఆశ్రయించిన తరువాత 2015 చివరలో వసూలు తిరిగి మొదలైనది. 2016 జాతీయ పౌర విమానయాన విధానం విమానేతర ఆదాయంలో 30 శాతం మాత్రమే లెక్కలోకి తీసుకొను మిశ్రమ పద్ధతిని నిర్దేశించినది.

2022 ఏప్రిల్ నుండి దేశీయ రుసుము రూ.281 నుండి రూ.480కి, అంతర్జాతీయ రుసుము రూ.393 నుండి రూ.700కు పెరిగినది. టెర్మినల్ విస్తరణ వ్యయం ఇందుకు ముఖ్య కారణం. నగరంలో ప్రయాణికులకు మరో విమానాశ్రయం లేనందున, ధర నచ్చని ప్రయాణికుడు వేరొక చోటికి పోలేడు. కనుక ఇక్కడ పోటీ చేయవలసిన పనిని నియంత్రణ సంస్థ ఒక్కటే చేయవలసి ఉన్నది.

150 కి.మీ. నిబంధన ప్రభావము

కర్ణాటకలోని బీదరులో పౌర విమాన టెర్మినల్ సిద్ధమైనను, ఈ నిబంధన కారణంగా పదేళ్ళ పాటు ఖాళీగా ఉండిపోయినది. చివరకు రాయితీ సంస్థతో అవగాహన కుదిరి 2020 ఫిబ్రవరి 7న అక్కడ విమానాలు మొదలైనవి. నిజాం కాలంలో ఏర్పడిన వరంగల్లు మామునూరు విమానాశ్రయం పునరుద్ధరణకు కూడా ఇదే అడ్డంకి వచ్చినది. రాయితీ సంస్థ అభ్యంతరం లేదని తెలిపిన తరువాత, 2025 ఫిబ్రవరిలో కేంద్రం దానికి అనుమతి ఇచ్చినది. ఒక జిల్లా కేంద్రానికి విమాన సౌకర్యం కల్పించుటకు ప్రభుత్వం ఒక ప్రైవేటు సంస్థ అంగీకారం కోసం చూడవలసి రావడం ఈ నిబంధనపై వచ్చిన ప్రధాన విమర్శ. ఆంధ్రప్రదేశ్‌లోని విజయవాడ ఈ పరిధికి బయట ఉన్నందున, 2017లో అంతర్జాతీయ హోదా పొందుటకు ఇది అడ్డు కాలేదు.

రవాణా సౌకర్యాలు

2008 నవంబరులో బాహ్యవలయ రహదారిలో గచ్చిబౌలి, శంషాబాదు మధ్య భాగం, 2009 అక్టోబరులో మెహిదీపట్నం నుండి ఆరాంఘర్ వరకు 11.6 కి.మీ. పొడవైన పి.వి.నరసింహారావు ఎక్స్‌ప్రెస్ మార్గం ప్రారంభమైనవి. నగరంలోని పలు ప్రాంతాల నుండి ఆర్టీసీ పుష్పక్ బస్సులు నడుస్తున్నవి. 2022 డిసెంబరు 9న రాయదుర్గం నుండి 31 కి.మీ. మెట్రోకు శంకుస్థాపన జరిగినది. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారిన తరువాత ఆ మార్గాన్ని రద్దు చేసి, నాగోలు, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్టల మీదుగా కొత్త మార్గాన్ని 2024లో ఆమోదించినారు. గచ్చిబౌలి వైపు ఉన్న ఉద్యోగులకు వలయ రహదారి ఉన్నదని, పాత నగరానికి, తూర్పు ప్రాంతాలకు మెట్రో అవసరం ఎక్కువని ఈ మార్పుకు కారణం చెప్పబడినది.

పేరుపై వివాదము

బేగంపేటలో దేశీయ టెర్మినల్‌కు ఎన్.టి.రామారావు పేరు ఉండేది. శంషాబాదులో మొత్తం విమానాశ్రయానికి రాజీవ్ గాంధీ పేరే పెట్టినారు. 2014 నవంబరులో దేశీయ టెర్మినల్‌కు తిరిగి ఎన్.టి.ఆర్. పేరు పెట్టవలెనని కేంద్రం నిర్ణయించగా, తెలంగాణ శాసనసభ దానిని వ్యతిరేకిస్తూ తీర్మానం చేసినది.

భవిష్యత్తు

25 ఏళ్ళ రక్షణ గడువు 2033 మార్చితో ముగుస్తుంది. నిర్వహణ హక్కు మాత్రం మరో 35 ఏళ్ళు కొనసాగుతుంది. ఆనాటికి వరంగల్లు వంటి పట్టణాలలో విమానాశ్రయాలు ఎదుగుటకు అవకాశం ఉంటుంది. నగరంలో రెండవ విమానాశ్రయం గురించిన చర్చకు కూడా చట్టపరమైన ఆటంకం తగ్గుతుంది. విశాఖపట్నం సమీపంలోని భోగాపురం విమానాశ్రయం కూడా జీఎంఆర్ సంస్థకే అప్పగించబడి, 2023 మే 3న శంకుస్థాపన జరుపుకొన్నది. నగరం లోపల ఉన్న పాత విమానాశ్రయాన్ని ఏమి చేయవలెనన్న ప్రశ్న అక్కడ కూడా వచ్చినందున, బేగంపేట, శంషాబాదుల అనుభవం ఆంధ్రప్రదేశ్‌కు కూడా పరిశీలింపదగినది.