హోటలు వెనుక గుమ్మం

హోటలు సంగతి తెలియాలంటే ముందు వైపు బోర్డు చూచి లాభం లేదు. వెనుక గుమ్మం చూడాలి. రాజురా నుంచి ఆసిఫాబాదు పోయే దారిలో, సరిహద్దున ఉన్న మా లక్కడ్‌కోట్ వంటి చోట్ల మేము తరచు చూచేది ఇది: పాలిథీన్ సంచిలో మూటకట్టి పారవేసిన సాంబారన్నం, దానిని సంచితో సహా నమిలే ఆవు. అన్నం అరుగుతుంది, సంచి అరగదు. అది కడుపులో పేరుకొంటే మేత దిగదు, పాలు తగ్గుతాయి, ఒక్కొక్కప్పుడు పశువే పోతుంది. ఆ నష్టం హోటలు లెక్కలో ఎక్కడా పడదు, ఆవుగలవాడే భరించాలి.

వెనుకటి హోటళ్లలో ఈ బాధ తక్కువ. మోదుగాకు విస్తరి మట్టిలో కలిసేది. మిగిలిన అన్నం, గంజి, కూరల తొక్కలు కుడితి తొట్టిలో పడి గేదెకు పోయేవి. మహారాష్ట్రలో 2018లోనే థర్మకోల్ పళ్లేలను నిషేధించారు. దేశమంతటా 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ గ్లాసులు, చెంచాలు కూడ నిషిద్ధమే. కాని చట్టం విస్తరి కుట్టదు గదా! మోదుగ ఈ అడవుల్లో ఇప్పటికీ ఉన్నది. కుట్టే చేతులకు గిట్టుబాటు ధర ఇచ్చి కొనేవారే కావాలి.

ఇక నూనె. మళ్లీ మళ్లీ కాచిన నూనెలో చెడు పదార్థాలు 25 శాతం మించితే వాడరాదని 2018 జూలై నుంచి నియమం ఉన్నది. అటువంటి నూనెను బయోడీజిలుగా మార్చే ఏర్పాటూ దేశంలో ఆ ఏడే మొదలైనది. అటు పంపక, చౌకగా బజ్జీల బండికి అమ్మితే మాత్రం అది తిరిగి మన పిల్లల కడుపులోకే వస్తుంది.

ఎంగిలి సైతం వృథా కానక్కరలేదు. హైదరాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో రోజుకు 10 టన్నుల చెత్త నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు తీసే యంత్రం పెట్టారు. హోటలు చెత్తతోనూ గ్యాసు తీయవచ్చును. అందులో ప్లాస్టిక్ కలవకూడదు, అంతే.

హోటలువారినే అంటున్నామనుకోకండి. 2022లో ప్రపంచంలో వృథా అయిన 105 కోట్ల టన్నుల ఆహారంలో హోటళ్ల వంటి వాటి వాటా 28 శాతమైతే, ఇళ్లది 60 శాతమని ఐక్యరాజ్యసమితి లెక్క. అయినా ముందు హోటలువారే మొదలు పెట్టాలంటాము. అడిగి వడ్డించాలి, తడి చెత్త ఒకదానిలో, పొడి చెత్త ఒకదానిలో వేయాలి. ఖర్చంటారా? మూతగల డబ్బాలు రెండు.