మేడ కింది మాన్యం

హైదరాబాదు ఆకాశహర్మ్యాలకు ఇనుము కట్టి, కాంక్రీటు మోసిన కూలీలలో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల వారు ఎందరో ఉన్నారు. మేడ లేచాక వారు ఊరికి తిరిగివస్తారు. మేడ కింది నేల ఎవరిదన్న ప్రశ్న మాత్రం అక్కడే మిగిలిపోతుంది. మణికొండలోని లాంకో హిల్స్ కథ ఆ ప్రశ్న కథే.

హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా చుట్టూ ఉన్న 1,654 ఎకరాల 32 గుంటలు వక్ఫ్ ఆస్తి అని 2006లో వక్ఫ్ బోర్డు సవరణ ప్రకటనను రాజపత్రంలో వెలువరించింది. అంతకుముందు 1989 నాటి ప్రకటనలో ఉన్నది కేవలం 5,506 చదరపు గజాలు. ఈ నేలలోనే ఏపీఐఐసీ ద్వారా 108 ఎకరాలు లాంకో హిల్స్‌కు దక్కాయి. 2012లో హైకోర్టులో ప్రభుత్వ వాదన నెగ్గలేదు. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు 2006 ప్రకటన చెల్లదని, భూమి ప్రభుత్వానిదేనని తేల్చింది.

న్యాయస్థానం తీర్పును మేము శిరసావహిస్తాము. అయితే పాలకులను ప్రశ్నించే హక్కును వదులుకోము. వక్ఫ్ ఆస్తులను సర్వే చేయించవలసిన బాధ్యత చట్టప్రకారం ప్రభుత్వానిదే. ఆ ప్రభుత్వమే భూమిని అమ్మి, సర్వే సక్రమంగా లేదని న్యాయస్థానంలో వాదించడం ఏ ధర్మం? కంచే చేను మేస్తే కాపు ఎవరికి మొరపెట్టుకోవాలి? ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రమే రెండయింది, వక్ఫ్ బోర్డుకు ఎదురు నిలిచిన ప్రభుత్వ వాదన మాత్రం మారలేదు. ఇదంతా అభివృద్ధి కోసమే అన్నారు. అక్కడ లేస్తుందన్న వంద అంతస్తుల పైచిలుకు గోపురం నేటికీ లేవలేదు. మాతృసంస్థ లాంకో ఇన్‌ఫ్రాటెక్ 2018లో లిక్విడేషన్ పాలైంది.

మా తప్పును కూడా మేము దాచుకోము. 1989 నుండి 2006 వరకు పదిహేడేళ్లు గజాలకూ ఎకరాలకూ మధ్య ఉన్న అగాధాన్ని పట్టించుకోని బోర్డు మనదే. దస్తావేజు లేని దుఃఖం న్యాయస్థానంలో నిలవదు.

2011 జనాభా లెక్కల ప్రకారం మన రెండు జిల్లాలలో ముస్లిములము నూటికి ఒక్కరమైనా లేము. అయినా 1641లో షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించిన శ్రీకాకుళం జామియా మసీదు మన వేళ్లు ఎంత లోతైనవో చెబుతుంది. పట్టణాలు పెరిగేకొద్దీ ఖబరస్తాన్ల, ఈద్గాల సరిహద్దు రాళ్లు కదులుతాయి. మణికొండలో జరిగింది ఇక్కడ జరగదన్న భరోసా ఎవరిస్తారు?

అందుకే ప్రభుత్వాన్ని మేము కోరేది ఇది: ప్రతి వక్ఫ్ భూమినీ ముతవల్లీల సమక్షంలో కొలిపించాలి, 22-ఎ నిషిద్ధ భూముల జాబితాలో చేర్చాలి, వివాదం తేలేవరకు ఎవరికీ కేటాయించరాదు. మన కమిటీలను కోరేది మరొకటి: అడంగళ్లు, ఇనాం రికార్డులు, క్షేత్ర కొలతల పటాలు నేడే సేకరించండి. 2025 సవరణ చట్టం తర్వాత నమోదు చేయని ఆస్తికి రక్షణ మరింత కరువైంది. ఆ నమోదుకు పెట్టిన పోర్టల్ పేరు ఉమీద్, అంటే ఆశ. చేతిలో కాగితం లేనివాడికి ఆ పేరు ఏమిస్తుంది?

వక్ఫ్ పూర్వులు మనకు అప్పగించిన అమానత్. రేపు బిడ్డలు లెక్క అడిగినప్పుడు మేడ నీడను చూపి తప్పుకోలేము.