ఏ సంవత్సరం కుర్సురా?

ఓడల మోడల్స్ చేసేవాళ్లు స్కేలు గురించి, పెయింట్ గురించి గంటలు గంటలు మాట్లాడతారు. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: మనం చేస్తున్నది ఏ సంవత్సరం ఓడ? అది తేల్చకుండా ఎంత నీట్‌గా చేసినా షోకేసులో పెట్టే బొమ్మ అవుతుంది గానీ, ఆ ఓడ మోడల్ అవ్వదని నా అభిప్రాయం.

ఎందుకంటే ఓడలు మారుతూనే ఉంటాయి. ఈజిప్టు పాలకుల విహార నౌక మహ్రూసానే చూడండి. ఈ ఆవిరి యాట్‌ని 1865లో లండన్‌లో కట్టారు. అప్పుడు దానికి రెండు పక్కలా పెద్ద చక్రాలు ఉండేవి. 1872లో 40 అడుగుల పొడవు పెంచారు. 1905లో మళ్లీ పొడవు పెంచి, చక్రాలు తీసేసి, టర్బైన్లతో తిరిగే ప్రొపెల్లర్లు పెట్టారు. 1952లో గద్దె దిగిన ఫరూక్ రాజు ఇటలీకి వెళ్లింది ఇదే ఓడలో. ఇప్పుడు ఎవరైనా 1905 నాటి పొడవుకి 1865 నాటి చక్రాలు తగిలించి మోడల్ చేస్తే? చూడ్డానికి మస్తు ఉంటది. కానీ అలాంటి ఓడ ఏ రోజూ సముద్రం మీద లేదు.

మనకు దగ్గరి ఉదాహరణ వైజాగ్ ఆర్కే బీచ్‌లో ఉన్న ఐఎన్ఎస్ కుర్సురా. మా బ్యాచ్ టెక్ ఫెస్ట్ కోసం దీని మోడలే చేస్తోంది. అసలు పొడవు 91.3 మీటర్లు, 1:100 స్కేలులో 91.3 సెంటీమీటర్లు. అంతవరకు ఈజీ. తర్వాతే గొడవ మొదలైంది.

ఇది సోవియట్ ఫాక్స్‌ట్రాట్ రకం డీజిల్-ఎలక్ట్రిక్ సబ్‌మెరైన్. 1969 డిసెంబర్ 18న మన నేవీలో చేరింది. 1971 యుద్ధంలో గస్తీ తిరిగింది. ఆ తర్వాత కొన్నేళ్లు దీని విడిభాగాలు తీసి తోటి సబ్‌మెరైన్‌కి వాడారు. 1980-82 మధ్య రిపేర్ చేసి మళ్లీ నీళ్లలోకి దించారు. 2001 ఫిబ్రవరి 27న రిటైర్ అయింది, 2002లో ఒడ్డున మ్యూజియం అయింది. పేరు ఒక్కటే, లోపల మాత్రం కనీసం నాలుగు కుర్సురాలు ఉన్నాయి.

ఇప్పుడు మనం మెట్లెక్కి, పక్కనున్న తలుపులోంచి లోపలికి పోతాం కదా? ఆ తలుపు సందర్శకుల కోసం కోసింది. నేవీ వాళ్లు పైనున్న మూతల్లోంచి నిచ్చెన దిగి వెళ్లేవాళ్లు. పక్కన తలుపు ఉన్న సబ్‌మెరైన్ నీళ్లలోకి దిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. సబ్‌మెరైన్ మునగడం వేరు, మునిగిపోవడం వేరు!

మరి నెట్‌లో దొరికే ఫోటోలు దాదాపు అన్నీ మ్యూజియం అయ్యాక తీసినవే. ఫాక్స్‌ట్రాట్ అని వెతికితే రెడీమేడ్ త్రీడీ ఫైల్ దొరుకుతుంది. ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలు, మూడు ప్రొపెల్లర్లు, ఇవన్నీ అందులో సరిగ్గానే ఉండొచ్చు. కానీ అది ఫాక్స్‌ట్రాట్ వంశం మొత్తానికి గీసిన బొమ్మ. అన్నదమ్ముల పోలిక ఉన్నంత మాత్రాన అన్న ఫోటో తమ్ముడి ఆధార్ కార్డు మీద పెట్టం కదా.

"అరే, అంత దగ్గరికొచ్చి ఎవడు చూస్తాడు రా?" అని మా వాళ్ల వాదన. న్యాయమే, జడ్జిలు రెండు నిమిషాలు కూడా ఆగరు. కానీ మనం సీఎస్ స్టూడెంట్స్‌మి. కోడ్‌లో ఒక్క లైన్ మారినా ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో గిట్‌లో రాసిపెడతాం. ఇనుముకి ఆ సౌకర్యం లేదు. దాని కమిట్ హిస్టరీ పాత ఫోటోల్లో, రికార్డుల్లో, దాంట్లో పనిచేసిన మనుషుల జ్ఞాపకాల్లో ఉంటుంది. వెతికి కలిపితేనే దొరుకుతుంది. రెండు మూడు కాలాలు కలిపేసిన మోడల్‌ని ఒకరు ఫోటో తీస్తారు, ఇంకొకరు దాన్నే చూసి ఇంకోటి చేస్తారు. అట్లా అబద్ధం కాపీ పేస్ట్ అవుతూ పోతది.

బ్యాచ్‌లో సగం మందికి 1971 కుర్సురా కావాలి, యుద్ధం కాబట్టి. నా ఓటు మాత్రం మ్యూజియం కుర్సురాకే. దాన్ని మనం బస్సెక్కి వెళ్లి కళ్లారా చూడొచ్చు, ప్రతి భాగం సరిపోల్చుకోవచ్చు. ఆ కోసిన తలుపు కూడా దాని చరిత్రే. మోడల్‌లో అది రెండు సెంటీమీటర్లే వస్తుంది, అయినా పెట్టాలి. 1971దే చేస్తామంటే దానికి తగ్గ ఆధారాలు తేవాలి. ఏది చేసినా కింద పలక మీద సంవత్సరం రాయాలి.

ఇదంతా సముద్రం లేని సిద్దిపేటలో మనకెందుకు అంటారా? కోమటి చెరువు చూడండి. మన జూనియర్లకు అది వేలాడే వంతెన ఉన్న టూరిస్ట్ స్పాట్. అంతకుముందు కట్ట ఎట్లా ఉండేదో మన ఇళ్లల్లో పెద్దవాళ్లకు తెలుసు. వాళ్ల ఆల్బమ్‌లలో ఫోటోలు కూడా ఉండొచ్చు, వెనకాల తేదీ లేకుండా. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఒక్క ఫోటో అడిగి తీసుకోండి. అది ఏ సంవత్సరానిదో, అప్పటికి ఏం ఉంది, ఏం లేదో వాళ్లనే అడిగి వెనక పెన్సిల్‌తో రాయండి. రేపు ఎవరైనా ఆ చెరువు మోడల్ చేస్తే వాళ్లకు అదే డ్రాయింగ్.